పసుపు కేసుకు ముందూ వెనకా

దెబ్బ తగిలితే పసుపు అద్దాలని మనకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. గాయం మాన్పడానికి పసుపు వాడటం మీదే 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు పేటెంటు దక్కింది. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసింది. అమ్మమ్మ చెప్పిందంటే అక్కడ చెల్లదు, రాతలో రుజువు కావాలి. సంస్కృత గ్రంథాలతో సహా 32 ఆధారాలు వెతికి ముందు పెడితే గానీ 1997లో అది రద్దు కాలేదు.

అలాగని పేటెంటు చట్టం మనకు కొత్తదేం కాదు. 1856లోనే వచ్చింది. ఆ ఏడాదే కలకత్తాలో డిపెన్నింగ్ అనే ఇంజనీరు తొలి దరఖాస్తు పెట్టాడు. దేనికనుకున్నారు? పంకా లాగే యంత్రానికి! దొరల ఉక్కపోత అలాంటిది మరి. బ్రిటిష్ రాణి ముందస్తు అనుమతి లేదని మరుసటి ఏడే ఆ చట్టాన్ని ఎత్తేశారు, 1859లో మరొకటి తెచ్చారు. 1911 నాటి చట్టమైతే స్వాతంత్ర్యం వచ్చాక కూడా రెండు దశాబ్దాలకు పైగా నడిచింది.

దానివల్ల బాగుపడింది ఎక్కువగా విదేశీ కంపెనీలేనని జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959 నివేదికలో తేల్చారు. అందులోంచి పుట్టిందే 1970 చట్టం. 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మందుకు పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతికే ఉంది. అంటే వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. హైదరాబాద్ మందుల పరిశ్రమ పెరగడానికి ఈ వెసులుబాటు పెద్ద ఆసరా. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టింది ఆ కాలంలోనే. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) షరతుల ప్రకారం 2005 నుంచి మందుకే పేటెంటు మళ్లీ వచ్చింది.

హక్కుల గురించి ఇంత గొడవ జరిగింది గానీ, సమాచారం సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. పేటెంటంటే ఒక బేరం. కొన్నేళ్లు గుత్తహక్కు ఇస్తారు, బదులుగా కిటుకు బయటపెట్టాలి. ఆ కాగితాలు వెతికితే దొరక్కపోతే మనకు మిగిలేదేముంది? పేటెంటు సమాచారం కోసం నాగపూర్‌లో ఒక కేంద్రాన్ని 1980లో గానీ పెట్టలేదు. అంతర్జాతీయ దరఖాస్తులకు దారి తెరిచే పీసీటీ ఒప్పందంలో మన దేశం చేరింది 1998 చివర్లో.

పసుపు కేసులో తిన్న దెబ్బతో 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలైంది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ వైద్యాల మందుల కూర్పులను ఇంగ్లిష్, జపనీస్ లాంటి ఐదు భాషల్లోకి మార్చి, విదేశీ పేటెంటు ఆఫీసులు వెతుక్కునేలా పెట్టారు. పేటెంటు ఆఫీసులకే కాకుండా మిగతావాళ్లకూ దాన్ని తెరవాలని కేంద్ర కేబినెట్ నిర్ణయించింది మాత్రం 2022లో. అదీ చందా కట్టి.