నీనెవె గురించి మీకో ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

దేవుడు ప్రేమగలవాడైతే తీర్పు దేనికని అడిగారు కదా. ఆ మాట వింటేనే మీకు టెన్షన్ అని తెలుసు. అందుకే ఈసారి బైబిల్లో నహూము ప్రవక్త పుస్తకం తెరవండి. మూడే అధ్యాయాలు, 47 వచనాలు. పెద్దవాళ్లు కూడా తరచుగా దాటేసే పుస్తకం.

అందులో ఉన్నది నీనెవె మీద తీర్పు. నీనెవె అష్షూరు (అస్సిరియా) సామ్రాజ్యానికి రాజధాని. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదుల రాజ్యమైన యూదా మీదికి వచ్చి లాకీషు పట్టణాన్ని పట్టుకున్నాడు. ఆ ముట్టడినంతా తన రాజభవనంలో రాతి పలకల మీద చెక్కించుకున్నాడు. ఆ పలకలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో విలుకాళ్లున్నారు, కోటగోడలున్నాయి. నన్ను ఆపేసేది మాత్రం ఒక ఎద్దుబండి. దాని మీద ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని ఉన్నారు. ఊరు వదిలి చెరలోకి పోతున్నారు. ఆ కన్నీళ్లను ఒక రాజు తన ఘనతగా గోడకు పెట్టుకున్నాడు!

ఇప్పుడు ఆ బండిలోని పిల్లల వైపు నుంచి ఆలోచించండి. ఇదంతా చూసి కూడా ఏమీ అనని దేవుణ్ణి వాళ్లు మంచివాడని ఎలా అనగలరు?

అదే దండయాత్రలో యూదా రాజధాని యెరూషలేముకు కూడా బెదిరింపు ఉత్తరం వచ్చింది. హిజ్కియా రాజు దాన్ని చదివి, నేరుగా మందిరానికి వెళ్లి, యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు. చెవియొగ్గి ఆలకించమని, కన్నులు తెరచి చూడమని ప్రార్థించాడు. రెండవ రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఉంది, తప్పకుండా చదవండి. సన్హెరీబు పట్టణంలో అడుగుపెట్టకుండానే వెనక్కి పోయాడు.

అలాగని దేవుడు నీనెవె మీద తొందరపడలేదు. అంతకు ముందే యోనా ప్రవక్తను పంపితే వాళ్లు పశ్చాత్తాపపడ్డారు, ఆయన క్షమించాడు. నహూము కూడా మొదట్లోనే యెహోవా దీర్ఘశాంతుడు అంటాడు. వాళ్లు మళ్లీ పాత దారే పట్టారు. చివరికి క్రీ.పూ. 612లో బబులోనువాళ్లు, మాదీయులు కలిసి ఆ పట్టణాన్ని కూల్చారు. లాకీషు పడిపోయాక దాదాపు 90 ఏళ్లకు.

ఇంత కఠినమైన పుస్తకంలోనే, మొదటి అధ్యాయం చివర, సమాధానము, అంటే శాంతి, చాటించేవాని పాదాలు పర్వతాల మీద కనబడతాయి. యూదా, నీ పండుగలు ఆచరించు అంటాడు ప్రవక్త. దాడి భయం లేకుండా పండుగ చేసుకోవడం! తీర్పు వెనుక దేవుడు కోరుకున్నది అదే.

మనం ఎప్పుడూ ఆ బండిలోనే ఉంటామనుకోకండి. తరగతిలో ఒక పిల్లను అందరూ కలిసి ఏడిపిస్తుంటే మీరూ నవ్వారనుకోండి, ఆ పూట మీరు అష్షూరు పక్షాన ఉన్నట్టే. అందుకే మనకు సిలువ కావాలి. మన సమాధానార్థమైన శిక్ష అతని మీద పడింది అని యెషయా 53లో ఉంది. యేసు ఆ తీర్పును తన మీద వేసుకున్నాడు. తప్పును తప్పు కాదనలేదు, తప్పు చేసినవాడి చేయి వదలనూ లేదు. నా నమ్మకమంతా ఇక్కడే ఉంది.

ఒక పని చేయండి. నహూము చివరి వచనం, యోనా చివరి వచనం వెంటవెంటనే చదవండి. రెండూ నీనెవె గురించే, హీబ్రూ మూలంలో రెండూ ప్రశ్నలే. ఒకటి ఆ పట్టణం చేసిన కీడు గురించి, ఇంకొకటి కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మంది గురించి. రెంటినీ అడిగించింది ఒకే దేవుడు ఎలా అవుతాడో మీకు తోచినట్టు నాకు రాసి పంపండి.

ప్రేమతో,
మీ తాతయ్య