మెంటరూ సూపర్‌వైజరూ ఒకరేనా? మాజీ సైనికుల మానసిక ఆరోగ్య పరిశోధన ఫెలోషిప్: అపోహలు - వాస్తవాలు

తెలుగులో ఇద్దరినీ ‘గురువుగారు’ అనేస్తాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

అమెరికాలో అందరూ వీఏ అని పిలిచే వెటరన్స్ అఫైర్స్ శాఖ, సైకాలజీ పీహెచ్‌డీలకూ సైకియాట్రిస్టులకూ రెండేళ్ల అడ్వాన్స్‌డ్ ఫెలోషిప్ ఇస్తుంది. అందులో సుమారు 75 శాతం సమయం పరిశోధనకూ చదువుకూ, 25 శాతం రోగులకూ పోతుంది. మొదటిదానికి మెంటర్, రెండోదానికి సూపర్‌వైజర్. కాగితం మీద ఇంత తేలిక. సోమవారం క్లినిక్‌లో పీటీఎస్‌డీకి (యుద్ధంలాంటి భయానక అనుభవం తర్వాత వెంటాడే మానసిక జబ్బు) చికిత్స చేసిన ఫెలో, బుధవారం అదే జబ్బున్న మరొకరిని పరిశోధన కోసం ఇంటర్వ్యూ చేస్తారు. ఆయన మాటల్లో ప్రాణాపాయం కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఈ ప్రశ్నకు మొదటి వారంలోనే జవాబు లేకపోతే ఆ ఫెలోషిప్‌లో ఏదో లోపం ఉన్నట్టే.

అపోహ: మంచి మెంటర్ ఉంటే సూపర్‌వైజర్ పని కూడా ఆయనే చూసుకుంటారు.

మెంటర్ మీ పరిశోధన ప్రశ్న, పేపర్లు, గ్రాంటు, రేపటి ఉద్యోగం గురించి ఆలోచిస్తారు. సూపర్‌వైజర్ మీరు చూసే రోగికి బాధ్యులు. మీరు రాసిన ప్రోగ్రెస్ నోట్ కింద వారి సంతకం కూడా పడాలి. సూపర్‌వైజర్ ఎంత దగ్గర్లో ఉండాలన్న దానికి వీఏ నిబంధనల్లో మూడు మెట్లున్నాయి: ఒకటి, మీతోపాటు అదే గదిలో; రెండు, అదే ప్రాంగణంలో, పిలిస్తే వెంటనే వచ్చేంత దూరంలో; మూడు, ఫోన్‌లో అందుతూ, అవసరమైతే స్వయంగా రాగలిగేలా. ఏ పనికి మీరు ఏ మెట్టు మీదున్నారో రాతలో ఉండాలి. ‘వాళ్లకి తెలుసులే’ అంటే కుదరదు.

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపున్న పోస్ట్‌డాక్‌లో (పీహెచ్‌డీ తర్వాతి శిక్షణలో) పూర్తికాల ఫెలోకి వారానికి కనీసం రెండు గంటల వ్యక్తిగత సూపర్‌విజన్ ఉండాలి. మెంటర్‌తో పేపర్ గురించి మాట్లాడిన గంటను ఇందులో కలిపేయడం మామూలు పొరపాటు. లైసెన్సు దరఖాస్తు నాడు అది బయటపడుతుంది. పోస్ట్‌డాక్ గంటల్లో వేటిని లెక్కలోకి తీసుకోవాలన్నది రాష్ట్రానికో తీరు. పైగా వీఏలో పనిచేసే సైకాలజిస్టుకు అమెరికాలో ఏ రాష్ట్రపు లైసెన్సున్నా సరిపోతుంది. కాబట్టి మీ సూపర్‌వైజర్ లైసెన్సు ఏ రాష్ట్రానిదో, మీరు దరఖాస్తు చేయబోయే బోర్డు దాన్ని ఒప్పుకుంటుందో లేదో చేరిన నెలలోనే కనుక్కోండి. రెండో ఏడు చివర్లో తెలిస్తే పోయిన గంటలు తిరిగిరావు.

రెండు కుర్చీల్లోనూ ఒకరే కూర్చుంటే ఏమవుతుంది? సెషన్‌లో తప్పు జరిగిందని చెబితే సిఫారసు లేఖలో ఒక మాట తగ్గుతుందేమోనని ఫెలో దాచేస్తారు. దాచింది రోగికి తగులుతుంది. చిన్న కేంద్రాల్లో మరో మనిషి లేకపోతే కనీసం రెండు సమావేశాలూ వేర్వేరు రోజుల్లో పెట్టుకోండి, నోట్స్ విడిగా రాసుకోండి. మూల్యాంకనం మీద శిక్షణ డైరెక్టర్ కూడా సంతకం చేసేలా చూసుకోండి.

అపోహ: పరిశోధనలో అడిగేది ప్రశ్నపత్రమే కదా, దానికి సూపర్‌విజన్ ఎందుకు?

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇది. అందుకే కాస్త విడమర్చి చెప్పాలి.

పీహెచ్‌క్యూ-9 తీసుకోండి. డిప్రెషన్ మీద తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. తొమ్మిదోది చచ్చిపోతే బాగుండుననో, తనను తాను గాయపరచుకోవాలనో అనిపించిందా అని అడుగుతుంది. దీన్ని ఆన్‌లైన్ సర్వేలో పెట్టారనుకుందాం. శుక్రవారం రాత్రి 11 గంటలకు ఒక మాజీ సైనికుడు 2 నొక్కారు. ఫెలో ఆ ఫైలు తెరిచేది సోమవారం ఉదయం. ఈ మధ్య కాలానికి ఎవరు జవాబుదారీ? చాలా ప్రోటోకాల్స్‌లో దీనికి ఉండేది ‘తగిన చర్య తీసుకుంటాం’ అనే ఒక్క వాక్యం. ఆ వాక్యం ఎవరికీ ఫోన్ చేయదు.

పద్ధతులు మూడే. జవాబు 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డ్యూటీలో ఉన్న మనిషికి వెంటనే అలర్ట్ వెళ్లాలి, ఆ మనిషి పేరు రోస్టర్‌లో ఉండాలి. అది కుదరకపోతే, ఈ జవాబులను ఎవరూ అప్పటికప్పుడు చూడరని స్పష్టంగా చెబుతూ, 988కి డయల్ చేసి 1 నొక్కితే వెటరన్స్ క్రైసిస్ లైన్ దొరుకుతుందని స్క్రీన్ మీద అక్కడికక్కడే కనిపించాలి. అదీ చేయలేనప్పుడు తొమ్మిదో ప్రశ్న లేని పీహెచ్‌క్యూ-8 వాడండి. అడిగి, వచ్చిన జవాబును చూడకుండా వదిలేయడం కన్నా అసలు అడగకపోవడమే నయం. ఈ మూడింటిలో ఏదన్నది మెంటర్ ఒక్కరే తేల్చేది కాదు, సూపర్‌వైజర్ కూడా కూర్చోవాలి.

ఫోన్‌లోనో వీడియోలోనో ఇంటర్వ్యూ అయితే మొదటి నిమిషంలో మూడు సంగతులు రాసుకోవాలి: ఆయన ఇప్పుడు ఏ చిరునామాలో ఉన్నారు, లైను తెగిపోతే ఏ నంబరుకు చేయాలి, పక్కన ఎవరైనా ఉన్నారా. రికార్డులో ఉన్న చిరునామా చాలదు, కారులో కూర్చుని మాట్లాడేవాళ్లు బోలెడుమంది. ప్రమాద సూచన వచ్చిందా, ఫెలో లైను వదలకుండా రెండో ఫోన్‌లోనో చాట్‌లోనో సూపర్‌వైజర్‌ను పిలవాలి. ఆత్మహత్య ప్రమాదాన్ని అంచనా వేసే కొలంబియా స్కేలు స్క్రీనర్‌లో ఆరు ప్రశ్నలు. రెండోదానికి ‘లేదు’ అంటే నేరుగా ఆరోదానికి వెళ్లాలి. కంగారులో ఆ ఆరో ప్రశ్నే మరిచిపోతారు, అది గతంలో చేసిన ప్రయత్నాల గురించి. తర్వాత భద్రతా ప్రణాళిక: ముందస్తు సంకేతాలు, తనంతట తాను చేసుకోగలిగినవి, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయం అడగగలిగిన ఆత్మీయులు, వైద్యులూ సంస్థలూ, చివరగా ఇంట్లో ప్రమాదకర వస్తువుల సంగతి.

ఆ చివరి మెట్టు దగ్గరే మనవాళ్లు తడబడతారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెరిగినవాళ్లకు ఇంట్లో తుపాకీ అంటే పోలీసు కేసు. అమెరికా మాజీ సైనికుల ఆత్మహత్యల్లో మాత్రం 70 శాతానికి పైగా తుపాకీతోనే జరుగుతున్నాయి. కాబట్టి ‘మీ దగ్గర తుపాకీ ఉందా?’ అని ముఖం చిట్లించుకుని అడిగితే ‘లేదు’ అనే జవాబే వస్తుంది. ‘ఇంట్లో ఉన్నవి ఎక్కడ పెడతారు, తూటాలు విడిగా పెడతారా, తాళం ఉందా?’ అని మామూలుగా అడగాలి. వీఏ ఉచితంగా కేబుల్ తాళాలు ఇస్తుంది. అది ఎలా బిగిస్తారో సూపర్‌వైజర్ ముందు ఒకసారి స్వయంగా చేసి చూసినవాళ్లు ఫోన్‌లో తడుముకోరు.

కాల్ అయ్యాక ఆసుపత్రిలోని సూసైడ్ ప్రివెన్షన్ కోఆర్డినేటర్‌కు చెప్పాలి, రికార్డులో నోట్ పడాలి, ఎథిక్స్ బోర్డుకు నివేదించాల్సిందేనా, గడువెంత అని చూడాలి. ఇందులో మొదటి రెండూ సూపర్‌వైజర్ కనుసన్నల్లో, మూడోది ప్రధాన పరిశోధకుడి బాధ్యత. సూపర్‌వైజర్ సెలవులో ఉంటే వారి బదులు ఎవరన్నది కూడా ప్రోటోకాల్‌లోనే ఉండాలి. తప్పులు ఎక్కువగా దొర్లేది ఇలాంటి సెలవు రోజుల్లోనే.

అపోహ: క్యాప్స్ శిక్షణ ఒకసారి పూర్తయితే చాలు.

క్యాప్స్-5 అంటే పీటీఎస్‌డీ నిర్ధారణకు క్లినీషియన్ చేసే ఇంటర్వ్యూ. ఈ రంగంలో ప్రామాణికం అదే. 1989లో ఏర్పడిన నేషనల్ సెంటర్ ఫర్ పీటీఎస్‌డీలో పుట్టింది. మొత్తం 30 అంశాలు, అందులో 20 లక్షణాలు, ఒక్కోటి 0 నుంచి 4. ఇంటర్వ్యూకు 45 నుంచి 60 నిమిషాలు పడుతుంది. 2 వస్తేనే లక్షణం ఉన్నట్టు లెక్క.

పీడకలల ప్రశ్న చూడండి. ఆయన ‘రోజూ వస్తాయండీ’ అన్నారు. కొత్త ఫెలో చకచకా 3 వేసేస్తారు. 3 రావాలంటే గత నెలలో వారానికి కనీసం రెండుసార్లు రావాలి, దానికి తోడు బాధ గట్టిగా ఉండాలి, గంటకు పైగా నిద్ర చెడాలి. ఆయన ఉలిక్కిపడి లేచి, నీళ్లు తాగి, పావుగంటలో మళ్లీ పడుకుంటుంటే అది 2. రోజూ వస్తున్నా సరే, అది 2 మాత్రమే. మరో ఫెలో మాటల్లోని బాధకు కరిగిపోయి 4 వేస్తారు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో మార్కు తేడా వచ్చినా 20 ప్రశ్నల మీద అది చికిత్స పనిచేసిందా లేదా అన్న తీర్పునే తారుమారు చేయగలదు.

దీన్నే రేటర్ డ్రిఫ్ట్ అంటారు, అంటే కొలమానం మెల్లగా పక్కకు జారిపోవడం. మందు: రికార్డింగుల్లో పదింటికి ఒకటి చొప్పున రెండో మనిషి విని, మొదటి మార్కులు చూడకుండా విడిగా వేయడం, నెలకోసారి అందరూ ఒకే రికార్డింగుకు మార్కులు వేసి, తేడా వచ్చిన ప్రశ్నల మీదే మాట్లాడుకోవడం. ఈ సమావేశానికి మెంటర్ రాకపోయినా ఫర్వాలేదు. క్యాప్స్ చేతికొచ్చిన సూపర్‌వైజర్ మాత్రం రావాలి.

అపోహ: పెద్ద పేరున్న మెంటర్ దొరికితే సగం పని అయిపోయినట్టే.

పేరు కన్నా చేతిలో ఉన్న డేటా ముఖ్యం. వీఏలో కొత్తగా మనుషులను చేర్చుకుని అధ్యయనం మొదలుపెట్టాలంటే ఎథిక్స్ బోర్డు ఆమోదం, పరిశోధన కమిటీ ఆమోదం, ప్రైవసీ పరిశీలన, సమాచార భద్రత పరిశీలన, ఇవన్నీ అయ్యాక పరిశోధన విభాగాధిపతి నుంచి ‘ఇక మొదలుపెట్టవచ్చు’ అనే లేఖ కావాలి. ఎథిక్స్ బోర్డు సరేనన్న రోజే ఫోన్లు మొదలుపెడితే అది ఉల్లంఘన. ఇదంతా అయ్యేసరికి నెలలు గడుస్తాయి. రెండేళ్లలో అవి పెద్ద ముక్కే.

అందుకే మొదటి పేపర్ మెంటర్ దగ్గర ఇప్పటికే ఉన్న డేటాతో రావాలి. మొదటి నెలలో ఒక పేజీ విశ్లేషణ ప్రణాళిక, అంకెలు లేని ఖాళీ టేబుళ్లు. సొంత చిన్న అధ్యయనానికి కాగితాలు ఆ పక్కనే నడవాలి. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు మెంటర్‌ను అడగాల్సినవి: గత ఫెలోలు మొదటి రచయితలుగా ఎన్ని పేపర్లు రాశారు, మీకు ఇప్పుడు ఎంతమంది ఫెలోలు, డ్రాఫ్టు ఎన్ని రోజుల్లో తిరిగొస్తుంది. తర్వాత ఆయన లేనప్పుడు పాత ఫెలోలను ఇవే ప్రశ్నలు అడగండి. జవాబులు కలవకపోతే సంగతి అర్థమైపోతుంది.

పౌరసత్వం మాటా ఇక్కడే. వీఏ సైకాలజీ ఫెలోషిప్‌కు అమెరికా పౌరసత్వం కావాలి. వీసా మీదున్నవాళ్లు విశ్వవిద్యాలయ పోస్ట్‌డాక్‌గా చేరి, జీతం లేని వీఏ నియామకం మీద అదే మెంటర్ దగ్గర పనిచేసే దారి ఉంది. దాని కాగితాలు వేరు, గడువులు వేరు.

అపోహ: మెంటర్ కూడా మాజీ సైనికుడైతేనే వాళ్ల బాధ అర్థమవుతుంది.

అయితే మంచిదే, కాకపోయినా నేర్చుకోవచ్చు. మనకు అందరూ ‘జవాన్లే’. అక్కడ మెరీన్‌ను ‘సోల్జర్’ అంటే మొహం మాడ్చుకుంటారు, ఆ మాట ఆర్మీవాళ్లది. ఏ విభాగం, ఏ పని, ఎక్కడికి పంపారు, ఎలా బయటికొచ్చారు: ఈ నాలుగూ తెలియకుండా గాయం గురించి అడగొద్దు. ప్రశ్నపత్రాన్ని ముందుగా మాజీ సైనికుల సలహా బృందానికి చూపించే మెంటర్ యూనిఫాం వేసుకోకపోయినా మంచి మెంటరే.

అపోహ: రచయితల వరస చివర్లో చూసుకోవచ్చు.

చివర్లో చూసుకుంటే గొడవే. డేటా తెరవకముందే ఈమెయిల్‌లో రాసుకోండి. పని మారితే వరసా మార్చుకోవచ్చు.

అపోహ: మెంటర్‌ను మారుస్తే గురుద్రోహం, కెరీర్ అయిపోతుంది.

‘సర్ ఏమనుకుంటారో’ అని ఏడాది నష్టపోయేది ఎక్కువగా మన పిల్లలే. ఫెలోషిప్‌లో మెంటర్ మార్పు మామూలు విషయం. దానికి పద్ధతుంది. ఏం కుదరడం లేదో తేదీలతో రాసుకోండి: మూడు సమావేశాలు రద్దు, డ్రాఫ్టు ఆరు వారాలుగా పెండింగ్. ముందు మెంటర్‌కే చెప్పండి, నాలుగు వారాలు చూడండి, అప్పుడు శిక్షణ డైరెక్టర్ దగ్గరకు వెళ్లండి. చేరిన నెలలో ఇద్దరూ సంతకం చేసిన ఒప్పందం ఉంటే ఆ సంభాషణ పది నిమిషాల్లో తేలిపోతుంది. వేధింపో, రోగి భద్రతో అయితే ఈ వరస అక్కర్లేదు, నేరుగా పైకి వెళ్లండి.

అపోహ: ఫెలోషిప్ అయ్యాక మిగిలిన పేపర్లు తీరిగ్గా పూర్తి చేసుకోవచ్చు.

డేటా వీఏది, వీఏ సర్వర్ల మీదే ఉంటుంది. ఆఖరి రోజున కార్డు వెనక్కి ఇచ్చేస్తే ఈమెయిల్ ఆగిపోతుంది, దాంతోపాటు విశ్లేషణ ఫోల్డరూ మూతపడుతుంది. సమీక్షకులు ‘ఇంకో టేబుల్ చేర్చండి’ అంటే చేయడానికి చేతిలో ఏమీ ఉండదు. టేబుళ్లను సర్వర్ నుంచి బయటికి తేవాలన్నా పరిశీలన ఉంటుంది. మనుషులను గుర్తుపట్టగలిగేంత చిన్న అంకెలున్న గడులు, మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) డేటాలో అయితే 11 కంటే తక్కువున్నవి, ఆపేస్తారు. డేటా చేతిలో ఉండాలంటే జీతం లేని వీఏ నియామకానికి ఆఖరి రోజుకు మూడు నెలల ముందే దరఖాస్తు చేయండి. వీఏ వైపు నుంచి దాన్ని నడిపించే మనిషి కావాలి. అది మెంటర్ పని, ఒప్పందంలో ముందే రాయించుకోండి.