‘టెట్రాలజీ’: గుండె జబ్బు పేరులోకి నాలుగు ఎలా వచ్చింది?

అనంతపురం జిల్లా పల్లెల నుంచి నీలిరంగు తిరిగిన పెదవులతో పెద్దాసుపత్రులకు వచ్చే పసిపిల్లల కాగితాల మీద ‘టీఓఎఫ్’ అన్న మూడు అక్షరాలు కనిపిస్తుంటాయి. వాటి పూర్తిరూపం టెట్రాలజీ ఆఫ్ ఫాలో. పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో ఇది సుమారు 7 నుంచి 10 శాతం ఉంటుంది. బిడ్డ గుండెలో నాలుగు లోపాలున్నాయని చెప్పగానే నాలుగు ఆపరేషన్లు కావాలేమోనని కన్నవారు హడలిపోవడం సహజం. ఆ భయాన్ని పుట్టిస్తున్న అంకె, గుండెకు శస్త్రచికిత్స అన్నదే లేని కాలంలో శవపరీక్షల బల్ల దగ్గర వేసిన లెక్క.

గ్రీకు భాషలో ‘టెట్రా’ అంటే నాలుగు. ప్రాచీన ఏథెన్స్ నాటక పోటీలలో ఒకే కవి వరుసగా ప్రదర్శింపజేసే మూడు విషాద నాటకాలనూ, వాటి వెంట వచ్చే ఒక వినోద రూపకాన్నీ కలిపి టెట్రాలజీ అనేవారు. నాలుగు వలయాల అణునిర్మాణం గల టెట్రాసైక్లిన్ మందు పేరులో ఉన్నదీ ఈ అంకే. ధనుర్వాతానికి వాడే టెటనస్ అన్న మాట మాత్రం ఈ కోవలోనిది కాదు. అది బిగదీయడం అనే అర్థం గల వేరే ధాతువు నుంచి వచ్చింది.

ఈ గుండె లోపాన్ని డెన్మార్క్ శాస్త్రవేత్త నీల్స్ స్టెన్సన్ 1671లోనే వర్ణించాడు. అయితే దానికి స్పష్టమైన రూపురేఖలు ఇచ్చినవాడు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగర వైద్యుడు ఆర్థర్ ఫాలో. బతికుండగా శరీరం నీలిబారిన రోగుల గుండెలను మరణానంతరం కోసి చూసి, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకుగా ఉండటం, కింది రెండు గదుల మధ్య గోడకు రంధ్రం, బృహద్ధమని ఆ రంధ్రం మీదికి కుడివైపుగా జరగడం, కుడి జఠరిక (కుడివైపు కింది గది) కండరం మందమెక్కడం అనే నాలుగూ కలిసే కనిపిస్తాయని 1888లో ప్రకటించాడు. 1924లో కెనడా వైద్యురాలు మాడ్ అబాట్ దీనికి ఆయన పేరు జోడించారు.

నాలుగుగా లెక్కించినా మూలం దాదాపు ఒక్కటే. పిండదశలో గుండె నుంచి బయటికి పోయే మార్గంలోని చిన్న గోడ పక్కకు, ముందుకు జరగడంతో దారి ఇరుకై, రంధ్రం మిగిలి, ధమని స్థానం తప్పుతుంది. ఆ ఇరుకులోంచి రక్తాన్ని నెట్టీ నెట్టీ కండరం మందమవుతుంది. అందుకే పూర్తి మరమ్మతులో శస్త్రవైద్యులు ప్రధానంగా చేసేది రంధ్రం మూయడం, దారి వెడల్పు చేయడం. ధమని స్థానం ఆ అతుకుతోనే సర్దుకుంటుంది, కండరం మందం క్రమంగా తగ్గుతుంది. ఇంత మాత్రం విడమరిచి చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు, ఆ అయిదు నిమిషాలూ ప్రతి కుటుంబానికీ దక్కాలి.

చికిత్సకు తొలి దారి 1944 నవంబరు 29న అమెరికాలోని బాల్టిమోర్‌లో పడింది. పిల్లల గుండె వైద్యురాలు హెలెన్ టాసిగ్ ఆలోచనను, ప్రయోగశాలలో సహాయకుడు వివియన్ థామస్ కుదిర్చిన పద్ధతిని అనుసరించి, శస్త్రవైద్యుడు ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ ఊపిరితిత్తులకు మరింత రక్తం చేరేలా చేతికి వెళ్లే ధమనిని ఊపిరితిత్తుల ధమనికి కలిపాడు. నల్లజాతీయుడైన థామస్‌కు దక్కవలసిన గుర్తింపు చాలా ఆలస్యంగా దక్కింది. గుండెను తెరిచి లోపాన్నే సరిచేసే శస్త్రచికిత్సను 1954లో మినెసోటాలో లిల్లెహై బృందం సాధించింది.

అప్పట్లో అనంతపురం జిల్లాలో భాగమైన పుట్టపర్తిలో 1991 నవంబరులో ఉచితంగా గుండె శస్త్రచికిత్సలు చేసే సత్యసాయి ఆసుపత్రి ప్రారంభమైంది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకాన్ని మొదట అమలుచేసిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆడుతూ ఆడుతూ ఆయాసంతో గొంతుక్కూర్చునే పిల్లలను పెద్దలు బలహీనతగా భావించి వదిలేయకూడదు. అలా కూర్చున్నప్పుడు ఊపిరితిత్తులకు రక్తం కాస్త ఎక్కువగా చేరుతుంది కాబట్టే వారు తెలియకుండానే ఆ భంగిమను వెతుక్కుంటారు. ఆపరేషన్ అయిన పిల్లల్లోనూ ఊపిరితిత్తుల ధమని కవాటం ఏళ్లు గడిచాక లీకయ్యే అవకాశం ఉంది కనుక, పెద్దయ్యాక కూడా వారికి క్రమం తప్పకుండా ఎకో పరీక్ష (గుండెకు చేసే అల్ట్రాసౌండ్) చేయిస్తూ ఉండాలి.