గోడకు పూసిన వెలుగు, లెక్కగట్టిన వెలుగు

1997లో ఇడ్ సాఫ్ట్‌వేర్ తెచ్చిన క్వేక్ 2 గేమ్‌లో గోడ మీద కనిపించేది ఒకరకంగా వెలుగు కాదు, పూత. ఏ దీపం కాంతి ఎక్కడ పడుతుందో, ఒక గోడ నుంచి ఇంకో గోడకు ఎంత పాకుతుందో గేమ్ తయారయ్యేటప్పుడే లెక్కగట్టి, వచ్చిన ఫలితాన్ని గోడలకు అతికించేశారు. మనం ఆడేటప్పుడు కంప్యూటర్‌కు ఆ శ్రమ ఉండదు. రాకెట్ దూసుకెళ్తే పక్క గోడ మీద కాస్త వెలుగు పారుతుంది కానీ, మధ్యలో ఉన్న స్తంభానికి నీడ మాత్రం పడదు.

2019 జూన్‌లో గ్రాఫిక్స్ కార్డులు తయారుచేసే ఎన్విడియా ఇదే గేమ్‌ను క్వేక్ 2 ఆర్‌టీఎక్స్ పేరుతో విడుదల చేసింది. అతికించిన వెలుగును పీకేసి, ప్రతి ఫ్రేమ్‌లోనూ, అంటే తెర మీద వెంటవెంటనే మారే ఒక్కో బొమ్మలోనూ, కాంతి కిరణాల దారిని కొత్తగా వెతికే పాత్ ట్రేసింగ్ పెట్టారు. మ్యాపులు అవే, శత్రువులు అవే. వెర్షన్లను పోల్చి చూడాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి జంట దొరకడం కష్టం.

ఈ లెక్క ఎంత బరువైనదో చూడండి. 1980లో కంప్యూటర్ శాస్త్రవేత్త టర్నర్ విట్టెడ్ గాజు గోళాల బొమ్మ ఒకటి, ఇలాగే కిరణాల దారిని లెక్కగట్టే రే ట్రేసింగ్‌తో గీయించినప్పుడు, 640×480 పిక్సెళ్ల ఆ ఒక్క బొమ్మకే 74 నిమిషాలు పట్టింది. గేమ్‌కు సెకనుకు 60 బొమ్మలు కావాలి. అంటే ఒక్కోదానికి దక్కే సమయం 16.7 మిల్లీసెకన్లు. 1920×1080 తెరలో 20 లక్షలకు పైగా పిక్సెళ్లుంటాయి. పిక్సెల్‌కు ఒకే కిరణం వేసినా సెకనుకు 12 కోట్లు దాటిపోతాయి. పైగా ఆ కిరణం తగిలిన చోటే ఆగదు, అక్కడి నుంచి మళ్లీ ఎగిరి ఇంకేదో వెతకాలి.

అందుకే ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డ్ అయినా పిక్సెల్‌కు కొన్ని కిరణాలతోనే సరిపెడుతుంది. అలా వచ్చిన బొమ్మ నిండా చుక్కలు, మచ్చలే. వాటిని సగానికి తగ్గించాలంటే కిరణాలు నాలుగింతలు కావాలి, అంత తీరిక ఎక్కడిది? ఇక్కడ డీనాయిజర్ అనే ప్రోగ్రామ్ రంగంలోకి దిగుతుంది. పక్క పిక్సెళ్లను చూసి, అంతకుముందు ఫ్రేముల్లో ఏముందో గుర్తుపెట్టుకుని, మచ్చలను నునుపు చేస్తుంది. కదలకుండా నిలబడితే పాత ఫ్రేముల సమాచారం పోగుపడి బొమ్మ తేటగా తేలుతుంది. చటుక్కున పక్కకు తిరిగితే ఆ జ్ఞాపకం పనికిరాదు. అంచుల్లో చుక్కలు మెదులుతాయి, కదిలే వస్తువు వెనుక దయ్యంలాంటి చార కనిపిస్తుంది, దీపం ఆరిపోయాక కూడా వెలుగు క్షణం పాటు తచ్చాడుతుంది. రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేవాళ్లకు ఇవేవీ కనిపించవు. స్క్రీన్‌షాట్ తీసేది నిలబడే కదా!

వేగం సంగతిలో ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) అంకె కూడా ఇలాగే మోసం చేస్తుంది. 120 నుంచి 100కు పడినా, 40 నుంచి 20కి పడినా తగ్గింది ఇరవయ్యే. కానీ మొదటి దాంట్లో ఫ్రేమ్‌కు అదనంగా పట్టింది 1.7 మిల్లీసెకన్లు, రెండోదాంట్లో 25. కొత్త ఎఫెక్ట్ ఖర్చెంతో తెలియాలంటే మిల్లీసెకన్లలోనే చూడాలి. సగటు చూసి మురిసిపోకూడదు కూడా. మధ్యమధ్యలో ఒక్కో ఫ్రేమ్ ఆలస్యమైతే సగటు బాగానే ఉంటుంది, చేతికి మాత్రం కుదుపు తెలుస్తుంది.

వెలుగు పెరిగితే వేగం తగ్గక తప్పదనీ అనుకోనక్కర్లేదు. 2019 నాటి మెట్రో ఎక్సోడస్‌లో రే ట్రేసింగ్ ఉన్నా లేకపోయినా గేమ్ నడవాలి కాబట్టి రెండు పద్ధతులనూ మోయాల్సి వచ్చింది. 2021 మే నెలలో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ రే ట్రేసింగ్ కార్డ్ లేనివాళ్లకు తలుపు మూసేసింది. పాత వెలుగు పద్ధతిని పక్కన పెట్టి, దీపాలన్నిటికీ కిరణాలు వేసింది. అయినా చాలాచోట్ల పాత రే ట్రేసింగ్ మోడ్ కన్నా సాఫీగా నడిచింది.

మళ్లీ క్వేక్ దగ్గరికొస్తే, ఆర్‌టీఎక్స్ వెర్షన్‌లో పగటి వేళను మార్చే సెట్టింగ్ ఒకటుంది. ఆరుబయట నిలబడి పొద్దున్నుంచి సాయంత్రానికి జరపండి. నీడలు నేల మీద సాగుతాయి, కిటికీలోంచి పడే ఎండ గదిలో చోటు మారుతుంది. 1997 వెర్షన్‌లో అలాంటి మీట పెట్టడానికే లేదు, అక్కడ పొద్దు గోడకు అతుక్కుపోయింది.