వంకర పళ్ళు, క్లిప్పులు: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

"ఇంత గట్టి పన్నును కదిలిస్తే వదులైపోయి ఊడిపోదా డాక్టర్?"

నోరు తెరిచి పళ్ళు చూపించేలోపే చాలామంది అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు తెలిస్తే మిగతా భయాలు కొన్ని వాటంతటవే పోతాయి. అందుకే ముందు దీన్నే తీసుకుంటాను.

పన్నంటే ఎముకలో దిగ్గొట్టిన మేకు అనుకుంటాం. నిజానికి వేరుకీ ఎముకకీ మధ్య దాదాపు 0.2 మిల్లీమీటర్ల మందాన మెత్తటి పొర ఉంటుంది. క్లిప్పుల్లోని వైరు పన్నును మెల్లగా ఒక పక్కకు నెడుతుంటే, ఒత్తిడి పడ్డ వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక చేరుతుంది. పన్నుతోపాటు దాని గుంట కూడా జరుగుతుందన్నమాట. వేగం నెలకు సుమారు 1 మిల్లీమీటరు. గట్టిగా లాగితే త్వరగా అయిపోతుందనుకోవడమూ పొరపాటే. ఒత్తిడి మితిమీరితే ఆ పొరకు రక్తం అందక కదలిక ఇంకా ఆలస్యమవుతుంది, వేరు అరిగే ప్రమాదమూ పెరుగుతుంది. చికిత్స సాగినన్నాళ్ళూ పళ్ళు కాస్త కదులుతున్నట్టు అనిపించడం మామూలే. వైరు మార్చాక రెండు మూడు రోజులు నొప్పి ఉంటుంది. ఉండదని నేను ఎవరికీ చెప్పను.

"పాలపళ్ళన్నీ ఊడాక చూపిస్తే చాలు"

చికిత్స మొదలుపెట్టడానికైతే చాలామంది పిల్లలకు అది సరైన సమయమే. చూపించడానికి మాత్రం ఆలస్యం. వంకర పళ్ళు సరిచేసే డాక్టర్ల సంఘం అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ 7 ఏళ్ళకల్లా ఒకసారి చూపించమంటుంది. అప్పటికి మొదటి శాశ్వత దవడ పళ్ళు వచ్చి ఉంటాయి, దవడలు ఎటు పెరుగుతున్నాయో తెలుస్తుంది. నేను ముఖ్యంగా చూసేవి: కింది పళ్ళు పైపళ్ళకు ముందుకొచ్చాయా, పై దవడ ఇరుకుగా ఉందా, వేలు చీకే అలవాటు ఇంకా ఉందా. పై దవడ మధ్యలో ఒక అతుకు ఉంటుంది. చిన్నతనంలో దాన్ని తేలిగ్గా వెడల్పు చేయొచ్చు. టీనేజీ దాటేకొద్దీ అది బిగుసుకుపోతుంది. వెనకబడిన పై దవడను ముందుకు లాగే ఫేస్ మాస్క్ అనే పరికరం కూడా పదేళ్ళలోపే బాగా పనిచేస్తుంది. ఇవేవీ లేకపోతే "వచ్చే ఏడాది తీసుకురండి" అని పంపేస్తాను.

దీనికి తలకిందులైన తొందర ఇంకొకటి ఉంది. ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలకు పై ముందుపళ్ళ మధ్య సందు, పళ్ళు విసనకర్రలా విచ్చుకోవడం చూసి తల్లిదండ్రులు వెంటనే క్లిప్పులు వేయమంటారు. పైన దిగబోయే కోరపళ్ళు పక్క పళ్ళ వేళ్ళను ఒత్తడం వల్ల అలా కనిపిస్తుంది. 11-12 ఏళ్ళకు కోరపళ్ళు దిగాక ఆ సందు చాలామందిలో దానంతటదే మూసుకుంటుంది. ఆ వయసు ఫొటోల్లో పిల్లలు కొంచెం వింతగా నవ్వుతారు, అంతే.

"పాలపళ్ళేగా, పుచ్చితే పీకేస్తే పోలా"

పాల దవడ పన్ను కింద రాబోయే పన్నుకు చోటు కాపలా కాస్తుంది. ముందే తీసేస్తే వెనక పన్ను ఆ ఖాళీలోకి జరిగి దారి మూసేస్తుంది. తప్పక తీయాల్సి వస్తే ఆ చోటును నిలిపి ఉంచే స్పేస్ మెయింటైనర్ గురించి అడగండి.

"పెద్దయ్యాక పళ్ళు కదలవు"

ఎముక కరగడం, కొత్తది చేరడం జీవితాంతం జరిగేదే. వయసుకన్నా నేను చిగుళ్ళనే ఎక్కువ చూస్తాను. చిగుళ్ళ జబ్బుతో ఎముక తగ్గుతూ ఉంటే ముందు దాన్ని అదుపులోకి తేవాలి. అది వదిలేసి వైరు వేస్తే ఉన్న ఎముక కూడా పోతుంది. ఒక సంగతి మాత్రం దాచకూడదు: పెరుగుదల ఆగిన మనిషికి వైరుతో దవడ ఎముక పొడవు మార్చలేం. దవడల తేడా పెద్దదైతే ఆపరేషన్ మాట వస్తుంది.

"మంచి పన్ను పీకితే కంటిచూపు పోతుంది"

పైపళ్ళకు స్పర్శ ఇచ్చేది మెదడు నుంచి వచ్చే అయిదో నరం శాఖ. చూపు రెండో నరానిది. వీటికి సంబంధమే లేదు.

కానీ వంకర పళ్ళకు చోటు కోసం మంచి పళ్ళు అసలు తీయాలా అన్నది న్యాయమైన అనుమానం. దీని మీద మా వృత్తిలోనే పెద్ద గొడవ నడిచింది. 1899లో వంకర పళ్ళను మూడు తరగతులుగా విభజించిన ఎడ్వర్డ్ యాంగిల్, ఒక్క పన్ను కూడా తీయకూడదనేవాడు. ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడ్ అలాగే చేసి, తన పేషెంట్లలో కొందరి పళ్ళు మళ్ళీ వంకరపోవడం, పెదవులు ముందుకు పొడుచుకురావడం గమనించాడు. వాళ్ళకే నాలుగు చిన్న దవడ పళ్ళు (కోరపన్ను వెనకుండేవి) తీసి మళ్ళీ చికిత్స చేశాడు. ఇప్పుడు కొలత చూసి నిర్ణయిస్తాం. ఒక చిన్న దవడ పన్ను తీస్తే సుమారు 7 మిల్లీమీటర్ల చోటు వస్తుంది. కావాల్సింది రెండు మూడు మిల్లీమీటర్లే అయితే పళ్ళ పక్కల ఎనామెల్‌ను, అంటే పైపొరను, సన్నగా అరగదీసినా సరిపోవచ్చు. పళ్ళు తీయాలన్న డాక్టర్‌ను "ఎంత చోటు తక్కువైంది?" అని అడగండి. అంకె చెప్పగలగాలి.

"అలైనర్లయితే శ్రమ లేదు"

అలైనర్లంటే పళ్ళకు తొడుక్కుని, కావాలంటే తీయగలిగే పారదర్శక ప్లాస్టిక్ తొడుగులు. రోజుకు 20-22 గంటలు పెట్టుకుంటేనే అవి పనిచేస్తాయి. తినేటప్పుడు తీసి మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయేవాళ్ళకు పళ్ళకు అతికించి వైరు పట్టించే బ్రాకెట్లే, అంటే మామూలు క్లిప్పులే నయం. బాగా తిరిగిపోయిన కోరపన్నును తిప్పడం కూడా అలైనర్‌కు కష్టమైన పని.

"పళ్ళ సందుకు రబ్బరు బ్యాండు చాలు, వీడియోలో చూశాం"

ఈ ఒక్కదాని దగ్గర నాకు నిజంగా కోపం వస్తుంది. పన్ను వేరు కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. అందుకే చుట్టిన బ్యాండు చిగురు లోపలికి జారి, కంటికి కనిపించకుండా వేరు వెంబడి పైకి పోతుంది, దారిలో ఎముకను తినేస్తుంది. పైకి సందు మూసుకున్నట్టే ఉంటుంది. పళ్ళు ఊగడం మొదలయ్యేసరికి వాటిని నిలబెట్టడం చాలా కష్టమైపోతుంది. ఒక్కోసారి రెండు ముందుపళ్ళూ పోతాయి.

"క్లిప్పుల వల్ల పళ్ళు పుచ్చుతాయి"

పుచ్చేలా చేసేది బ్రాకెట్ల చుట్టూ పేరుకున్న పాచి. క్లిప్పులు తీశాక కొందరి పళ్ళ మీద కనిపించే సున్నం లాంటి తెల్లమచ్చలు దాని గుర్తులే. ఫ్లోరైడ్ పేస్టుతో వైరుకు పైనా కిందా విడివిడిగా తోమాలి.

"జ్ఞానదంతాలు నెట్టడం వల్లే ముందుపళ్ళు వంకరవుతాయి"

జ్ఞానదంతాలే లేనివాళ్ళకూ వయసుతోపాటు కింది ముందుపళ్ళు ఇరుకవుతాయి.

"క్లిప్పులు తీసేశారు, ఇక అయిపోయింది"

నా దగ్గరికి ముప్పై దాటాక రెండోసారి వచ్చేవాళ్ళు దాదాపు అందరూ ఇదే నమ్మినవాళ్ళు. పళ్ళు కొత్త చోటికి వచ్చినా చిగుళ్ళలోని సాగే నారలు పాత చోటికే లాగుతుంటాయి. అవి సర్దుకోవడానికి ఏడాది దాకా పడుతుంది. ఆ తర్వాత కూడా వయసు తెచ్చే మార్పు ఆగదు. అందుకే మొదట్లో డాక్టర్ చెప్పినన్ని గంటలు, తర్వాత రాత్రిపూట రిటైనర్ (పళ్ళను కొత్త చోటే పట్టి ఉంచే పరికరం) పెట్టుకోమంటాం. "ఎన్నాళ్ళు?" అంటే, పళ్ళు అలాగే ఉండాలనుకున్నన్నాళ్ళు.

రిటైనర్‌ను వేడినీళ్ళలో కడగొద్దు, వంకరపోతుంది. తినేటప్పుడు కాగితంలో చుట్టి పక్కన పెట్టొద్దు; ఎక్కువగా చెత్తబుట్టలోకి పోయేది అలాగే. కొన్నాళ్ళు మానేసి మళ్ళీ పెట్టుకుంటే బిగుతుగా ఉందంటే పళ్ళు అప్పుడే జరిగాయని అర్థం. అసలు పట్టకపోతే బలవంతంగా నొక్కకుండా ఆ వారంలోనే డాక్టర్‌కు చూపించండి.