సీఎంఎంసీ: అమెరికా రక్షణ కాంట్రాక్టర్లలో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: ఇది 2025లో నెత్తిన పడ్డ కొత్త భారం.
సీఎంఎంసీ అంటే కాంట్రాక్టర్లు సైబర్ భద్రత నిబంధనలు పాటిస్తున్నారో లేదో అమెరికా రక్షణ శాఖ తేల్చుకునే పద్ధతి. ఆ ఏడాది నవంబర్ 10 నుంచి కాంట్రాక్టుల్లోకి వచ్చింది తనిఖీ షరతు మాత్రమే, నిబంధనలు పాతవే. సీయూఐ, అంటే రహస్య ముద్ర లేకున్నా బయటికి పొక్కకూడని ప్రభుత్వ సమాచారం ఉన్న సంస్థలు నిస్ట్ 800-171 అనే అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రత ప్రమాణంలోని 110 నిబంధనలను 2017 డిసెంబర్ 31 కల్లా అమలు చేసి ఉండాలి. అందుకే సీయూఐ ఉన్న సంస్థలకు వర్తించే లెవెల్ 2 సర్టిఫికేషన్‌కు చిన్న సంస్థకు సుమారు 1,04,670 డాలర్లని రక్షణ శాఖ వేసిన అంచనాలో ఫైర్‌వాల్, లాగ్ సర్వర్, ఎన్‌క్రిప్షన్ ఖర్చులు లేవు. ఆ అంకెతోనే బడ్జెట్ వేస్తే మునిగినట్టే.

అపోహ: 110కి 88 వస్తే గట్టెక్కినట్టే.
పూర్తి స్కోరు 110. అమలు కాని ప్రతి నిబంధనకూ దాని ప్రాధాన్యాన్ని బట్టి పాయింట్లు పోతాయి. 88కి వచ్చేది కండిషనల్, అంటే షరతులతో కూడిన హోదా. మిగిలినవి 180 రోజుల్లో పూర్తిచేయాలి. వాయిదా వేయగలిగేవి 1 పాయింటువే, వాటిలోనూ కొన్ని కుదరవు. ఎంఎఫ్ఏ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు అడిగే లాగిన్ సంగతే చూడండి. అడ్మిన్లకూ రిమోట్ యూజర్లకూ పెట్టి, ఆఫీసులో కూర్చునేవాళ్లను వదిలేస్తే 3 పోతాయి. ఆ 3 వాయిదాకు పనికిరావు, సర్టిఫికెట్ అక్కడే ఆగుతుంది. ఎన్‌క్రిప్షన్ ఉండి దానికి ఫిప్స్ (అమెరికా ప్రభుత్వ ఎన్‌క్రిప్షన్ ప్రమాణం) ధ్రువీకరణ లేకపోతే కూడా 3 పోతాయి, కానీ దాన్ని వాయిదా వేసే మినహాయింపు ఉంది. 'ఏఈఎస్-256 (ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి) వాడుతున్నాం' అంటే చాలదు, ఎన్‌క్రిప్ట్ చేసే సాఫ్ట్‌వేర్ మాడ్యూల్‌కు వచ్చిన ఫిప్స్ సర్టిఫికెట్ నంబరు చూపాలి. విండోస్‌లోని బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ అయితే ఫిప్స్ పాలసీని డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ చేయకముందే ఆన్ చేయండి. ఇక ఏ నిబంధనను ఎలా అమలు చేస్తున్నారో రాసిన సిస్టమ్ సెక్యూరిటీ ప్లాన్ లేకపోతే అసలు స్కోరే వేయరు.

అపోహ: కంపెనీ మొత్తాన్నీ కట్టుదిట్టం చేయాలి.
అక్కర్లేదు. ఏదైనా కొనేముందు సీయూఐ ఉన్న ఒక్క డ్రాయింగ్ ఎక్కడెక్కడికి వెళ్తుందో దాని వెంట నడవండి. మెయిల్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, షేర్డ్ డ్రైవ్, ప్రింటర్ హార్డ్ డిస్క్, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) మెషిన్‌కి తీసుకెళ్లే పెన్‌డ్రైవ్: అది తాకిన ప్రతి చోటూ తనిఖీ పరిధిలోకి వస్తుంది. నలభై మందిలో ఆరుగురే దాన్ని తెరుస్తుంటే, ఆ ఆరుగురికీ వేరే నెట్‌వర్క్, వేరే మెయిల్ పెట్టడమే అన్నిటికన్నా చవక.

అపోహ: ఐటీ సపోర్ట్ కంపెనీకి సొంత సర్టిఫికెట్ ఉండి తీరాలి.
అక్కర్లేదు. కానీ దాని సేవలను మీ తనిఖీలోనే చూస్తారు. డ్రాయింగ్ ఐటార్ (అమెరికా ఆయుధ ఎగుమతి నిబంధనలు) కిందిదై, హైదరాబాద్ నైట్ షిఫ్ట్‌లో ఉన్న విదేశీ ఉద్యోగి దాన్ని తెరిస్తే అది ఎగుమతే. లైసెన్స్ లేకపోతే ఉల్లంఘన.

అపోహ: సంస్థ తనకు తాను వేసుకునే స్కోరు ఎవరు చూస్తారు?
మసాచుసెట్స్‌లో ఒక కాంట్రాక్టర్ 104 అని నమోదు చేసింది. బయటి కన్సల్టెంట్ లెక్కగడితే మైనస్ 142 తేలింది. ఆ సంగతి తెలిశాక కూడా దాదాపు ఏడాది పాటు స్కోరు దిద్దలేదు. ఇతర లోపాలతో కలిపి 2025లో 46 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది. స్కోరు తగ్గిందని తెలిసిన వారమే ఎస్‌పీఆర్‌ఎస్‌లో, అంటే రక్షణ శాఖ స్కోర్లు నమోదు చేసుకునే వ్యవస్థలో దిద్దండి.