సి++20కి మారగానే పాత కోడ్‌లో పేర్లు ఎందుకు దొరకడం లేదు?

మైక్రోసాఫ్ట్ కంపైలర్ విజువల్ సి++లో ప్రాజెక్టును సి++ భాష 2020 స్టాండర్డ్ అయిన సి++20కి మార్చగానే, నిన్నటిదాకా ఏ గొడవా లేకుండా కంపైల్ అయిన టెంప్లేట్ (ఏ టైప్‌తోనైనా వాడుకునేలా రాసిన కోడ్ అచ్చు) హెడర్లు ‘ఈ ఐడెంటిఫయర్ దొరకలేదు’ అని ఎర్రర్లు ఇవ్వడం మొదలుపెడతాయి. చాలామంది కొత్త స్టాండర్డ్‌ను తిట్టుకుంటారు కానీ, టెంప్లేట్‌లో ఏ పేరును ఎప్పుడు వెతకాలో చెప్పే ఆ రూల్ 1998 నాటి మొదటి స్టాండర్డ్‌లోనే ఉంది.

పేరు వెతికే రూల్ మారినప్పుడల్లా ఇదే కథ. 1998 స్టాండర్డ్‌కు ముందు ఫర్ లూప్ మొదట్లో ప్రకటించిన వేరియబుల్ లూప్ అయిపోయాక కూడా బతికే ఉండేది. స్టాండర్డ్ దాన్ని లూప్‌కే పరిమితం చేసింది. అదే ఏడాది వచ్చిన విజువల్ సి++ 6 మాత్రం పాత పద్ధతినే పట్టుకుంది, దాంతో జనం ఫర్ అనే కీవర్డ్‌నే మాక్రోగా మార్చి, దాని ముందు ఎప్పటికీ నిజం కాని ఒక ఇఫ్, వెనకే ఎల్స్ పెట్టి వేరియబుల్‌ను లోపలే బంధించేవారు. మరో కంపైలర్ జీసీసీ అయితే పాత కోడ్‌ను కంపైల్ చేస్తూనే, పేరు వెతికే పద్ధతి మారిందని వార్నింగ్ ఇచ్చేది. నా దృష్టిలో పాత కోడ్‌ను కొత్త రూల్‌కి తీసుకెళ్లే సరైన దారి అదే.

టెంప్లేట్ల దగ్గర అంత తేలిగ్గా తెగలేదు. టైప్ పరామితి మీద ఆధారపడని పేర్లను టెంప్లేట్ రాసిన చోటే వెతికి తేల్చేయాలి, ఆధారపడిన వాటిని ఇన్‌స్టాన్షియేట్ అయ్యేదాకా, అంటే ఒక అసలు టైప్‌తో టెంప్లేట్‌ను వాడేదాకా, ఆపాలి, స్టాండర్డ్ చెప్పింది ఇదీ. కానీ అప్పటి కంపైలర్లలో కొన్ని టెంప్లేట్ బాడీని టోకెన్ల మూటగా దాచిపెట్టి, వాడినప్పుడు మాత్రమే విప్పి పార్స్ చేసేవి. రాసిన చోట ఏ పేర్లు కనిపించాయో వాటికి గుర్తే ఉండదు! ఈ రూల్ రావాలంటే పార్సర్‌నే తిరగరాయాలి. జీసీసీ 2004లో 3.4 వెర్షన్‌తో చేతిరాత పార్సర్ తెచ్చి ఆ పని చేసింది, అప్పటికీ మిగిలిపోయిన ఒక లొసుగును 2012లో 4.7లో సరిదిద్దింది. విజువల్ సి++ అక్కడికి చేరింది 2017లో, అంటే పంతొమ్మిదేళ్లకు, అదీ స్టాండర్డ్‌కు విరుద్ధమైన పాత పద్ధతులను చూసీచూడనట్టు వదిలేసే పర్మిసివ్ మోడ్ ఆఫ్ చేసినవాళ్లకే. తర్వాత సి++20 స్విచ్ పెడితే ఆ మోడ్ దానంతటదే ఆఫ్ అయ్యేలా చేశారు. ఇప్పటి టెన్షన్ అంతా అక్కడిది.

ఎర్రర్ వస్తే భయం లేదు, అసలు భయం రానప్పుడే. టెంప్లేట్ పరామితిని బట్టి మారే బేస్ క్లాస్‌లో ‘క్లోజ్’ అనే మెంబర్ ఉందనుకోండి, డిరైవ్డ్ క్లాస్‌లో ఒక మామూలు ఇంట్ ఇచ్చి ఉత్తినే క్లోజ్ అని పిలిచారు. పాత పద్ధతిలో అది బేస్ క్లాస్ మెంబర్‌కే వెళ్లేది. కొత్త రూల్ ప్రకారం కంపైలర్ ఆ బేస్‌లోకి తొంగిచూడదు. ఏదో హెడర్ ద్వారా ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ల గ్లోబల్ క్లోజ్ ఫంక్షన్ కనిపిస్తే చాలు, కాల్ నేరుగా దానికే పోతుంది, ఎర్రర్ ఉండదు, వార్నింగ్ కూడా రాకపోవచ్చు. అందుకే దయచేసి ఎర్రర్ వచ్చిన లైన్లు మాత్రమే సరిచేసి ఆపకండి. అలాంటి బేస్ ఉన్న ప్రతి క్లాస్‌లో, బేస్ నుంచి వచ్చే పేర్ల ముందు దిస్, బాణం గుర్తు పెట్టండి, లేదా యూజింగ్‌తో ఆ పేరును లోపలికి తెచ్చుకోండి.